తుమ్మెద చూసే తంగేడు



పోచంపల్లి అనగానే అందరికీ చీర గుర్తొస్తుంది. ముడులేసిన నూలు చూస్తే డిజైన్ ఏందో మనకు అంతుపట్టదు, మగ్గమెక్కితేనే బయటపడుతుంది. పువ్వుల్లోనూ అట్లా దాగిన డిజైన్లు ఉంటాయి. మన చూపు ఊదా రంగు దగ్గర ఆగిపోతుంది. తేనెటీగ దాన్ని దాటి అతినీలలోహిత కాంతిని కూడా చూస్తుంది, ఎరుపు మాత్రం దానికి సరిగా ఆనదు. పొద్దుతిరుగుడు రేకు మనకు మొదలు నుంచి కొనదాకా ఒకటే పసుపు. అతినీలలోహితంలో ఫొటో తీస్తే కొనలు వెలుగుతాయి, మొదళ్లు నల్లబడతాయి. ఈగకు దారి చూపే గుర్తు అది.

అయితే మామూలు కెమెరాలో ఆ కాంతిని ఆపే పొర ఉంటుంది. దాన్ని తీయించి, లెన్సు ముందు అతినీలలోహితాన్ని మాత్రమే వదిలే ఫిల్టరు పెట్టాలి. కెమెరాను మీరే విప్పకండి, ఫ్లాష్ భాగంలో కరెంటు నిల్వ ఉండి షాక్ కొడుతుంది. స్టాండు మీద నిలిపి, ఎండలో, గాలి ఆగినప్పుడు, ఒకే పువ్వును రెండు కాంతుల్లోనూ తీయాలి. ఫోకస్ మళ్లీ సరిచూసుకోవాలి. రాత్రిపూట అతినీలలోహిత టార్చి వేస్తే పువ్వులు మెరుస్తాయి కదా అంటారు కొందరు. అది వేరు. పువ్వు ఆ కాంతిని మింగి మన కంటికి కనిపించే రంగులో వదులుతుంది. ఈగ పగలు చూసేది అది కాదు.

ఫోన్‌తో చేయగలిగింది కూడా చాలా ఉంది. మా హాస్టల్ పిల్లలతో చెరువు గట్టు మీద మేము తీసేవన్నీ ఫోన్ ఫొటోలే. తంగేడు మన రాష్ట్ర పుష్పం, దానితో బతుకమ్మ ఆడతాం. అందులో తేనె ఉండదని మాత్రం చాలామందికి తెలియదు. పుప్పొడి చిన్న గొట్టాల్లాంటి కేసరాల్లో ఉంటుంది, కొనకు సన్న రంధ్రం. నల్ల తుమ్మెద పట్టుకొని ఒళ్లు వణికిస్తే ఉప్పు డబ్బా దులిపినట్టు పొడి రాలుతుంది. ఆ 'ఝుమ్' వీడియోలో దొరికిన రోజు పిల్లలు భోజనం గంట కొట్టినా కదల్లేదు!

మేము తొందరపడేది అందుకే. గునుగు చేలల్లో ఊరికే మొలిచేది, గడ్డిమందు వచ్చాక గట్లకే మిగిలింది. ప్లాట్లు పడ్డ చోట గట్లే లేవు. బతుకమ్మకు గునుగు కొంటున్నాం. మొక్క పోతే ఏ కెమెరా ఏం చేస్తుంది? ప్రతి ఫొటో కింద తేదీ, చోటు, తెలుగు పేరు రాయండి. గోర్ బోలిలో పేరు మీ యాడిని అడిగి, ఆమె గొంతే రికార్డు చేయండి.

హోళీకి ముందు మోదుగ పూస్తుంది. ఎరుపు కాబట్టి దానికి పిట్టలే ముఖ్య చుట్టాలు. ఏ పిట్ట వచ్చిందో కూడా రాసుకొని రండి.