ప్రేక్షకుని ప్రవేశము



నాటకమాడి ప్రజలను మేల్కొలుపుట తెలుగువారికి క్రొత్త విద్య కాదు. 1943లో అవతరించిన ప్రజానాట్యమండలి బుర్రకథలతోను నాటకములతోను పల్లెపల్లెకు నడచినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగారలు రచించిన ‘మాభూమి’ తెలంగాణపు రైతు గోడును వేదికపై నిలిపి, పాలకులకు కంటకమై, నిషేధమునకు గుఱియైనది. ఆ వారసత్వమును శిరసావహించుచునే నేడొక ప్రశ్నను మీ ముందుంచుచున్నాను: అన్యాయమునకు విరుగుడు చెప్పవలసినవాడు రచయితయా, నటుడా, లేక ఆ అన్యాయమును నిత్యము అనుభవించుచు ఎదుట కూర్చుండి చూచుచున్నవాడా?

బ్రెజిల్ దేశీయుడైన అగస్టో బోఆల్ (1931–2009) తన జీవితమునెల్ల ఈ ప్రశ్నకే ధారపోసెను. సావో పాలోలోని అరేనా నాటకశాలకు దర్శకుడైన ఆయన తొలినాళ్లలో ఈశాన్య బ్రెజిల్ పల్లెలకేగి, నటులచే తుపాకులు పట్టించి, భూమికై రక్తము చిందింపుడని పాడించెను. ఆట ముగిసినంతనే విర్జీలియో అను రైతు ముందునకు వచ్చి, ఆ తుపాకులతోనే తమవెంట భూస్వామిపైకి నడువుడని పిలువగా, అవి నాటకపు తుపాకులని నటులు చెప్పుకొనవలసివచ్చెను. పాటలోని రక్తము తమదే గాని పాడినవారిది కాదని ఆ రైతునకు బోధపడెను. తాను వహింపని అపాయమును పరులకు ఉపదేశింపరాదని బోఆల్‌కు బోధపడెను.

1971లో సైనిక ప్రభుత్వము చెరబట్టి హింసింపగా ఆయన ప్రవాసి యయ్యెను. 1973లో పెరూ దేశపు అక్షరాస్యతోద్యమమున, భర్తచే వంచితయైన యొక స్త్రీ కథను ఆయన బృందము ఆడుచుండెను. ప్రేక్షకులు ఉపాయము చెప్పుట, నటులు దానిని ఆడిచూపుట నాటి పద్ధతి. ఒక ప్రేక్షకురాలు చెప్పినదానిని నటులెన్ని విధముల అభినయించినను ఆమెకు తృప్తి కలుగలేదు. తుదకామెయే వేదిక నెక్కి తన భావమును తానే ఆడిచూపెను. ఫోరం నాటకమునకు అదియే ఆరంభము.

అందు చిన్న నాటకమొకటి బాధితుని పరాజయముతో ముగియును. దానినే మరల ఆడునపుడు ప్రేక్షకులలో ఎవరైనను ఆటను ఆపించి, బాధితుని స్థానమున నిలిచి, వేరొక మార్గమును ఆశువుగా నడిపింపవచ్చును. అయితే పీడకపాత్రధారి సులువుగా లొంగరాదు. అవధానమున నిషేధాక్షరి నడుపు పృచ్ఛకునివలె అతడు అడుగడుగున దారి మూయుచుండవలెను. జోకరు అని పిలువబడు సూత్రధారుడు తీర్పు చెప్పడు. ఈ ఉపాయము మన ఊర చెల్లునాయని సభనే అడుగును. గద్దింపగనే భూస్వామి మనసు మారినట్లు ఎవరైన ఆడినచో, అది గారడీయని ప్రేక్షకులే త్రోసిపుచ్చుదురు. ఈ కాఠిన్యమే ఆ ప్రక్రియకు ప్రాణము; ఏలనన, నిజమైన అడ్డంకి నెదిరించి వెదకిన మాటయే రేపు కూలి అడుగునపుడు నోట నిలుచును.

వంగదేశమున 1985లో పుట్టిన జనసంస్కృతి సంస్థ సుందరవనముల గ్రామసీమలలో ఈ మార్గమునే అనుసరించినది. అచ్చట శ్రమజీవులే నటులై వరకట్నమువంటి తమ సమస్యలను తమవారి నడుమనే ఆడి చర్చించుచున్నారు. రియో డి జనీరో నగరసభకు సభ్యుడై (1993–96) బోఆల్ ఇట్టి ప్రదర్శనలలో పుట్టిన సూచనలను శాసనప్రతిపాదనలుగా మలచెను. వానిలో పదమూడు శాసనములైనవి.

నాటకము భూమిని పంచదు, కూలి పెంచదు; పెంచుమని అడుగుటకు వలయు అభ్యాసమును మాత్రము ఇచ్చును. ఆశువుగా మాటాడి జనమును ఆటలోనికి లాగుట మన పగటివేషగాండ్రకును, వీధినాటకములలోని హాస్యగానికిని వెన్నతోబెట్టిన విద్య. ఆ నేర్పును హాస్యమునకే విడువక, గ్రామములకు సందేశములు మోసికొనిపోవు కళాబృందములు ఇకనైన తమ నాటకపు ఉత్తరార్ధమును వ్రాయక విడిచి, దానిని పూరించు అధికారమును చూచువారికి ఒప్పగింపవలెనని నా విన్నపము. చెప్పుటకు వచ్చినవారు వినుటకు సిద్ధపడినప్పుడే ప్రజానాటకమను పేరు సార్థకమగును.