పసిబిడ్డ కొలతకు వచ్చిన శస్త్రచికిత్స



మా గురువుగారి స్మారక సభలో ఆయనకు ఇష్టమైన విషయమే మాట్లాడతాను: పిల్లలకు చిన్న గాట్లతో చేసే ఆపరేషన్లు ఎలా వచ్చాయి, ఎందుకంత ఆలస్యమైంది?

1901లో జర్మనీలో గియోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క పొట్టలోకి గాలి నింపి, గొట్టం దూర్చి లోపల చూశారు. 1910లో స్టాక్‌హోంలో యాకోబేయస్ అదే పని మనుషుల్లో చేశారు. పిల్లల దాకా రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. గొట్టం సన్నబడేకొద్దీ లోపల వెలుతురు చాలేది కాదు. కటకాల మధ్య ఖాళీల్లో గాజు కడ్డీలు అమర్చి హెరాల్డ్ హాప్కిన్స్ ఆ చిక్కు విప్పారు. 1970ల తొలినాళ్లలో లాస్ ఏంజెలెస్‌లో స్టీఫెన్ గాన్స్, జార్జ్ బెర్సీ ఆ కొత్త గొట్టంతో, అంటే స్కోపుతో, పిల్లల జబ్బులు కనిపెట్టసాగారు.

పెద్దల్లో 1980లో కుర్ట్ సెమ్ అపెండిక్స్‌ను, 1985లో ఎరిక్ మ్యూహె పిత్తాశయాన్ని స్కోపు సాయంతో తీశారు. పిల్లల సర్జన్లలో చాలామంది వెనకాడారు. పిల్లలు ఎలాగూ త్వరగా కోలుకుంటారు కదా అన్నారు. పురిటిబిడ్డకు నొప్పి అంతగా తెలియదన్న నమ్మకమూ అప్పటి వైద్యంలో పాతుకుపోయి ఉంది. 1987లో కె.జె.ఎస్. ఆనంద్, సహచరులు దాన్ని కదిలించారు. ఆపరేషన్ సమయంలో నొప్పి మందు అందని నెలతక్కువ బిడ్డల ఒళ్లు ఎంతగా తల్లడిల్లుతుందో రక్తపరీక్షలతో చూపించారు.

ఇక పిల్లల్లో ఈ పద్ధతి ఎలా వచ్చిందో చూడాలంటే, పైలోరిక్ స్టెనోసిస్ అనే జబ్బునే తీసుకోండి. నెల బిడ్డ, తాగిన పాలన్నీ దూరంగా చిమ్మేలా కక్కేస్తాడు. వెంటనే ఆకలికి గుక్కపట్టి ఏడుస్తాడు. జీర్ణాశయం చివర కండరం బలిసి, దారి మూసుకుపోయింది. ఆ కండరాన్ని నిలువునా చీల్చి, లోపలి పొర తెగకుండా వదిలేస్తే చాలని 1911లో రామ్‌స్టెట్ కనుగొన్నారు. 1990లో ఫ్రాన్స్‌లోని లిమోజ్‌లో జాన్-లూక్ అలేన్ దాన్నే స్కోపుతో చేశారు. బొడ్డు దగ్గర స్కోపు, పక్కల 3 మిల్లీమీటర్ల పరికరాలు. పెద్దల పొట్టలో గ్యాస్ పీడనం 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంచుతాం. పురిటిబిడ్డకు 6 నుంచి 8 చాలు. మించితే డయాఫ్రమ్ పైకి నొక్కుకుపోయి ఊపిరి అందదు. అందుకే ఇక్కడ మత్తు డాక్టరు మాటే శాసనం.

ఇది నిజంగా మేలేనా? 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఇదే జబ్బున్న 180 మంది శిశువులున్నారు. ఏ ఆపరేషన్ జరిగిందో తల్లిదండ్రులకూ నర్సులకూ తెలియకుండా అందరికీ ఒకేలా కట్లు కట్టారు. స్కోపు బిడ్డలు 18.5 గంటలకు పూర్తి పాలకు వచ్చారు, కోత బిడ్డలు 23.9 గంటలకు. తేడా కొద్ది గంటలే కావచ్చు, ఆకలితో ఉన్న బిడ్డకు అది తక్కువేమీ కాదు.

ఛాతీలో లాభం ఇంకా పెద్దది. పక్కటెముకల మధ్య పెట్టిన కోత వల్ల, బిడ్డ ఎదిగేకొద్దీ వెన్ను వంకరపోవచ్చు. 1999లో థామ్ లోబ్, స్టీవెన్ రాథెన్‌బర్గ్ తదితరులు, పుట్టుకతోనే మధ్యలో తెగి ఉన్న అన్నవాహికను స్కోపుతోనే కలిపారు.

యువ మిత్రులారా, స్కోపు పట్టే ముందు బొమ్మల మీద కుట్లు వేయడం బాగా సాధన చేయండి. తెరిచి చేసే ఆపరేషన్ కూడా అంతే శ్రద్ధగా నేర్చుకోండి. మధ్యలో కష్టమనిపిస్తే పొట్ట తెరవడం ఓటమి కాదు. గాటు ఎంతుండాలో ఆ పూట ఆ బిడ్డ క్షేమమే నిర్ణయించాలి. మా గురువుగారు మాకు నేర్పింది అదే.