కళాకారుడు – ప్రజాభిరుచి



హైదరాబాదులో నారాయణగూడ నుండి చిక్కడపల్లి మీదుగా ఆర్టీసీ క్రాస్‌రోడ్డుకు పోవు బాట ఎంతో దూరము కాదు. ఆ కొద్దిదూరములోనే 1966లో నెలకొన్న త్యాగరాయ గానసభ కలదు. కూడలియందు సినిమాహాళ్లు కలవు. హాళ్లవద్ద జనము క్రిక్కిరిసిన సాయంకాలమున సభలో కుర్చీలు ఖాళీగా ఉండుటయు కలదు. ఖాళీ కుర్చీలు గాయకుని కడుపు నింపవు. అందుచేత "జనము మెచ్చునదే పాడరాదా?" యని హితవు చెప్పువారు బయలుదేరుదురు.

దీనికి బదులు సినిమాయే చెప్పినది. 1980లో కె. విశ్వనాథ్‌గారి 'శంకరాభరణము' విడుదలయ్యెను. అందు పేరుమోసిన కథానాయకుడు లేడు. ప్రధానపాత్రధారి జె.వి. సోమయాజులుగారు ఏబదియేండ్లు దాటిన రంగస్థల నటులు. కథ, మారిన అభిరుచికి లొంగక పేదరికము ననుభవించిన విద్వాంసునిది. తొలినాళ్లలో హాళ్లు వెలవెలబోయెను. చూచినవారు చెప్పగా తక్కినవారు కదలివచ్చిరి. పిమ్మట చిత్రము నెలల తరబడి ఆడెను. సంగీతము కూర్చిన కె.వి. మహాదేవన్‌గారు రాగమును చెరుపలేదు; పామరుని చెవికిని అందునట్లు మలచిరి.

కనుక ప్రజాభిరుచి రాతిమీది గీత కాదు. నీరు పోసి పెంచవలసిన మొక్క. జనమునకు ఇంతకన్న తెలియదనువాడు కళను, జనమును కూడ కించపరచుచున్నాడు. శ్రోతను నిందించు విద్వాంసుడును అట్టివాడే.

అశోక్‌నగర్ చెంతనున్న నగర కేంద్ర గ్రంథాలయమునకైనను, పల్లెలోని గ్రంథాలయమునకైనను ఇదియే ధర్మము. అడిగిన నవల ఇచ్చుచు, అడుగని మంచి గ్రంథమొకటి పాఠకుని చేతికందింపవలెను. రుచి యెరిగిన పిమ్మట అతడే వచ్చి అడుగును.