డప్పు దించిన చేతులు



ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారి దగ్గర నేను పరిశోధన నేర్చుకున్నాను. నా మొదటి వ్యాసం చదివి ఆయన ఒకే ప్రశ్న వేశారు: "క్రైస్తవుడయ్యాడు అని రాశావు. బాగుంది. మర్నాడు పొద్దున లేచి ఏం చేశాడు?" నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం తిరిగిన దారే ఇవాళ మీకు చెబుతాను.

1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నంలో దిగడం, నెల్లూరులో శామ్యూల్ డే, మచిలీపట్నంలో నోబుల్, గుంటూరులో హయ్యర్ పని మొదలుపెట్టడం మీకు తెలిసినవే. వారి బడుల గురించీ, అచ్చుకూటాల గురించీ మంచి పుస్తకాలున్నాయి. నేను నేరుగా 1866 నాటి ఒంగోలుకు వస్తాను.

ఆ ఏడాది మిషనరీ జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగేవాడు. అంతకుముందే రాజయోగ గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు. ఈ మాట నొక్కి చెబుతున్నాను: పేరయ్య ఖాళీ చేతులతో రాలేదు. దేవుణ్ణి వెతుకుతూ వచ్చాడు. ఆయన వెనక ఆయన చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు వచ్చారు. అలా వచ్చిన మాదిగలకు పాటించమని చెప్పినవి ప్రధానంగా మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి చిన్న మాటలు. మాదిగపల్లెలో నిలబడి చూస్తే చిన్నవి కావు.

ఊళ్లో ఎద్దు చస్తే కబురు పల్లెకే వచ్చేది. ఆ గొడ్డును ఎత్తుకుపోయి తోలు తీసి, లందలో తంగేడు చెక్కతో ఊనబెట్టి, రైతుకు చెప్పులూ కపిల తోళ్లూ కుట్టివ్వాలి. మాంసం పల్లెకు. ఎండాకాలం పనులు లేని రోజుల్లో పొయ్యి వెలిగేది దానితోనే. అలాంటి ఇంట్లో "ఇక తినం" అనడమంటే ఆకలిని కోరి తెచ్చుకోవడం. తోలు పని మానలేదు, మాంసం మానారు. ఉపదేశం అర్థమయిందో లేదో తేలే చోటు చర్చి కాదు, ఆ పొయ్యి.

ఇక ఆదివారం. వెట్టి చేసే మనిషికి వారం అన్న లెక్కే లేదు. కోతలు పడితే కోతలు, కరణం కబురు చేస్తే కరణం పని. ఏడు రోజుల్లో ఒకరోజు తన ఒళ్లు తనదే అన్న మాట ఆ మనిషి నోట మొదటిసారి వచ్చింది. రైతుకు అది పొగరులా వినిపించింది.

మూడోది డప్పు. ఊరమ్మ జాతరకు డప్పు కొట్టవలసింది మాదిగలే. విగ్రహాలకు మొక్కం అన్నవాళ్లు డప్పు కూడా కొట్టం అన్నారు. జాతర ఆగుతుందని ఊరు భయపడింది. కక్ష కట్టింది. పనికి పిలవలేదు, దారుల్లో నడవనివ్వలేదు, కొట్టారు, కేసులు పెట్టారు. అయినా చాలా పల్లెల్లో డప్పు దించినవాళ్లు మళ్లీ ఎత్తలేదు. మాస్టారి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. మర్నాడు పొద్దున ఆ మనిషి చేసిన పనికంటే చెయ్యనన్న పనిలోనే ఆయన విశ్వాసం కనబడుతుంది.

ఇక్కడ కొంతమంది మిత్రులతో నాకు పాత తగవు ఉంది. మాస్టారికీ ఉండేది. "వాళ్లు తిండిగింజల కోసం చేరారు" అంటారు. 1876–78 నాటి ధాత కరువును చూపిస్తారు. ఆ కరువులో బకింగ్‌హాం కాలవలో 3.5 మైళ్ల తవ్వకం క్లౌ గుత్తకు తీసుకున్న మాట నిజం. వేలమందికి కూలి దొరికింది. బోధకులే మేస్త్రీలు. పొద్దున మట్టి తట్టలు లెక్కపెట్టినవాళ్లే మధ్యాహ్నం చెట్టు కింద సువార్త చెప్పారు. అంతవరకు ఒప్పుకుంటాను. అయితే ఆ మిత్రులు తమ వాదంలో ఒక సంగతి వదిలేస్తారు. గింజలు దొరికిన ఆ కాలంలోనే, సుమారు పదిహేను నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లను ఆగమన్నాడు. సాయం ఇక ఉండదని తేల్చి చెప్పిన తర్వాత, 1878లో, జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి వచ్చి కూర్చున్నారు. డబ్బు అడగలేదు. కాలవ తవ్విన చేతుల మీది బొబ్బలు చూపించి, కష్టపడి బతికినవాళ్లం, బాప్తిస్మమే కావాలన్నారు. జులై 3న ఒక్కరోజే 2,222 మంది ఆ ఏట్లో మునిగి లేచారు. గింజల కోసమే అయితే గింజలున్నప్పుడు రావాలి కదా!

రెండో పక్షంతోనూ నాకు పేచీ ఉంది. "వాళ్లకు కావలసింది మర్యాద, ఆధ్యాత్మికం కాదు" అంటారు. ఆ రెంటినీ విడదీసే కత్తి ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో అచ్చు వేసిన మాదిగల కథల పుస్తకం చదవండి. ఆ పెద్దలు తమ గురువుల గురించి, తాము వెతికిన దేవుడి గురించి ఎంత తపనతో మాట్లాడారో కనబడుతుంది. దేవుడి ముందు నిటారుగా నిలబడ్డ మనిషి కరణం ముందు వంగలేడు. ఒకటి భక్తి, మరొకటి మర్యాద అని వాళ్లు లెక్కలు విడిగా రాసుకోలేదు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. తొందరగా చెబుతాను. 1912లో అజరయ్య దోర్నకల్ బిషప్ అయ్యారు. 1924లో మెదక్ చర్చి లేచింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఒక్కొక్కటీ ఒక్కో ఉపన్యాసానికి సరిపడేది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన మాదిగ షెడ్యూల్డు కులాల జాబితాకు బయట పడ్డాడు. అప్పటినుంచి ఎన్నో ఇళ్లలో ట్రంకు పెట్టెలో రెండు కాగితాలు పక్కపక్కనే ఉంటున్నాయి: ఒకటి బాప్తిస్మపు పత్రం, ఒకటి కుల ధ్రువీకరణ పత్రం. ఏది ఎవరికి చూపించాలో ఆ ఇంటి పిల్లలకు చిన్నప్పుడే తెలిసిపోతుంది. ఈ బాధ మీద ఎవరైనా యువకులు పని చెయ్యాలని కోరుతున్నాను. 1994లో ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లాలోనే, ఈదుముడిలో, మాదిగ దండోరా ఉద్యమం పుట్టింది. డప్పు మళ్లీ చేతికొచ్చింది, ఈసారి ఎవరి జాతర కోసమూ కాదు.

కిందటి క్రిస్మస్ ముందు రాత్రి గుండ్లకమ్మ దగ్గర ఒక పల్లెలో ఆగాను. చర్చి ముందు కుర్రాళ్లు చలిమంట వేసి డప్పులు కాస్తున్నారు. చర్మం బిగిసిందో లేదో ఒకడు వేలితో మీటి చూశాడు. ఓ ముసలమ్మ గుమ్మంలో నిలబడి, "లోపలికి తేవొద్దురా అయ్యా, బయటే కొట్టండి" అంది. వాళ్లు బయటే కొట్టారు. ఆమె తలుపు మాత్రం వెయ్యలేదు.