ఉక్కు తొడుగు తూటాలు

1891లో రష్యా సైన్యము స్వీకరించిన మోసిన్–నగాంట్ రైఫిలు నేటికిని పలుదేశముల వేటగాండ్ర చేతులలో నున్నది. దానికి చవకగా దొరకు తూటాలు పెక్కు ఉక్కు తొడుగువి. ఉక్కు తుపాకిని చెరచునని పలువురి శంక. తొడుగుకు అయస్కాంతము నానించి చూచి, అంటనివానినే ఏరుకొందురు. ఈ శంకను విచారింతము.

ప్రేలినపుడు ఇత్తడి తొడుగు వ్యాకోచించి మందుగది గోడల నంటి, వెంటనే ముడుచుకొని వదలును. ఉక్కు అంతగా ముడుచుకొనదు. గది మురికిగా నున్న చిక్కుకొనును. గదిని శుభ్రముగా నుంచుకొన్న ఈ బాధ చాలవరకు తీరును. తుప్పు పట్టకుండ తొడుగుపై వార్నిషో రాగియో పూయుదురు. ఆ పూత చెడి తుప్పెక్కిన తూటాను విడువవలెను.

అసలు శత్రువు తూటా యడుగున నుండు ప్రైమరు. సూది దెబ్బకు ప్రేలి మందు నంటించునది అదియే. పాత సైనిక నిల్వల ప్రైమర్లలో తరచు పొటాషియం క్లోరేటు గలదు. అది కాలగా మిగులు లవణము తేమను పీల్చి గొట్టమునకు తుప్పు తెచ్చును. ఈ లవణము నూనెలో కరగదు, నీట కరగును. కావున కాల్చిన నాడే గొట్టమును నీటితో కడిగి, తడి యార్చి, పిమ్మట నూనె రాయవలెను.

ఇత్తడి తూటాలోను ఈ ప్రైమరు ఉండవచ్చును. అయస్కాంతము ఉక్కును చూపును గాని లవణమును చూపదు. కొనునపుడు మనము ముందుగా అడుగవలసినది ప్రైమరు సంగతి.