మొక్క గెలిచిన గుర్తు



తెగులు వస్తే పారిపోవడానికి మొక్కకు కాళ్లు లేవు. అయినా పొలంలో దాని చుట్టూ ఉండే లెక్కలేనన్ని శిలీంధ్రాల్లో, బాక్టీరియాల్లో దానికి హాని చేయగలిగేవి కొన్నే. ఆకు మీది మైనపు పూత, గట్టి కణగోడ చాలావాటిని బయటే ఆపుతాయి. లోపలికి చొరబడ్డవాటిని మొక్క పసిగడుతుంది. అగ్గితెగులును తట్టుకునే వరి రకంలో శిలీంధ్రం దిగిన చోటి కణాలు తమంతట తామే చచ్చిపోయి దాన్ని అక్కడే కట్టేస్తాయి. ఆకు మీద మిగిలేది గుండుసూది తలంత గోధుమరంగు చుక్క. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీరు, దాన్ని చూసి కంగారుగా మందు రాయకండి. అది మొక్క గెలిచిన గుర్తు.

ఇక బాక్టీరియా తెచ్చే ఎండాకు తెగులు సంగతి. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన మన సాంబమసూరి తినడానికి ఎంత బాగుంటుందో, ఈ తెగులుకు అంత త్వరగా లొంగిపోతుంది. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి, సంకరం చేస్తూ, డీఎన్‌ఏ గుర్తుల సాయంతో మొక్కల్ని ఏరుతూ మూడు నిరోధక జన్యువులను అందులోకి తెచ్చారు. వాటిలో ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరిది. కణం అంచున ఉండి బాక్టీరియా జాడ కనిపెడుతుంది. ఎక్స్‌ఏ13 పని నాకు మరీ ఇష్టం. బాక్టీరియా మామూలు వరిలో చక్కెర బయటికి పంపే ద్వారాన్ని తనకోసం తెరిపించుకుంటుంది. ఈ జన్యువున్న మొక్కలో ఆ ద్వారం దాని మాట వినదు. మూడోది ఎక్స్‌ఏ5. ఒక్క జన్యువునైతే బాక్టీరియా రూపు మార్చుకుని దాటేస్తుంది. మూడింటినీ ఒకేసారి దాటడం చాలా కష్టం. అలా తయారైన రకం 2008లో రైతులకు అందింది.

ఎక్స్‌ఏ21 ఇచ్చిన ఆ అడవి వరిని మనం అన్నం వండుకోం. పనికిరాని గడ్డి అని పీకి పారేసి ఉంటే ఎక్స్‌ఏ21 మనకు దక్కేదే కాదు. అందుకే మీ ఊరి చెరువుల్లో, కాలువల్లో కనిపించే అడవి వరినీ, ముసలి రైతుల గాదెల్లో మిగిలిన పాత విత్తనాన్నీ సేకరించి జన్యుబ్యాంకులకు చేర్చండి.

రేపు ఒక రైతు అంచులు ఎండిన ఆకు తెచ్చి ఏం కొట్టమంటారని అడుగుతాడు. ముందు ఆ ఆకును కోసి గ్లాసు నీళ్లలో ముంచి చూడండి. కోసిన చోటు నుంచి తెల్లటి పొగలా ద్రవం దిగితే అది బాక్టీరియానే. యూరియా ఆపమని చెప్పండి. వచ్చే ఏటికి తట్టుకునే విత్తనం ఎక్కడ దొరుకుతుందో కాగితం మీద రాసివ్వండి.