వైద్య పరిశోధనలో మన మాటకూ చోటుండాలి

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వైద్య శిబిరాలకు మీరు ధారాళంగా ఇస్తున్నారు. మందులకు, కళ్లద్దాలకు, ఆపరేషన్లకు ఇస్తున్నారు. ఈ రోజు ఇంకో చిన్న ఖర్చు గురించి అడగడానికి నిలబడ్డాను.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా బడికి ఒక బృందం వచ్చి పిల్లల పళ్లు చూసింది, రక్తం తీసుకుంది. ఫారాలు నా ముందు పెడితే చదవకుండానే సంతకం చేశాను. నెల తర్వాత ఒక తల్లి వచ్చి, "మేడం, మా పాప రక్తం తీసుకపోయినారే, ఏం తేలింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ బృందం మళ్లీ రాలేదు. ఆ పాప రక్తం నా దగ్గర అమానత్. ఆ అమానత్‌ను నేను కాపాడలేదు.

ఇలాంటి తప్పు పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేపట్టాయి. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలతోనే ఉన్నాయి. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. ఆ కాలంలో జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మీద నాకు అనుమానం లేదు. తల్లిదండ్రుల్ని అడగకపోవడమే తప్పు. మంచి మందు మీద కూడా జనానికి నమ్మకం పోయేది అక్కడే.

అడిగితే పరిశోధనకు నష్టమేం లేదు, లాభమే. మన వైపు ఫ్లోరైడ్ నీళ్ల సంగతే చూడండి. మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్‌ను డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే మన పక్కనున్న పొదిలి, దర్శి ప్రాంతంలో. అంతకు ముందే, 1934లో, నిజాం ఇలాకా పశువుల్లో ఇలాంటి జబ్బే నమోదైంది. ఎద్దు కీళ్లు పట్టేసి లేవలేకపోతే మొదట తెలిసేది దాన్ని మేపే రైతుకే. ఏ బావి నీళ్లు ఎన్నేళ్లు తాగారో, నడుము ఎప్పుడు వంగిందో చెప్పగలిగేది ఆ ఊరి ముసలమ్మే. ల్యాబులో నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలుస్తుంది. ఆ మనిషి బతుకు ఎలా మారిందో ఆమె చెబితేనే తెలుస్తుంది.

ఇది దయతో ఇచ్చేది కాదు, నియమమే. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం నైతిక కమిటీలో డాక్టర్లే కాక సామాన్యుల ప్రతినిధి కూడా ఉండాలి. చదవలేని వారికి ఫారం చదివి వినిపించేటప్పుడు సంబంధం లేని సాక్షి ఉండాలి. తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు, 7 ఏళ్లు నిండిన పిల్లల్ని కూడా ఒప్పుకుంటారా అని అడగాలి. మధ్యలో వద్దనుకుంటే తప్పుకోవచ్చు. అందువల్ల వైద్యం ఆగకూడదు.

మనకిది కొత్త మాట కాదు. నలుగురినీ అడిగి పని చేయడాన్ని మనం మష్వరా అంటాం. ఖుర్ఆన్‌లో ఒక సూరాకు షూరా అనే పేరే ఉంది.

కాబట్టి మన శిబిరాల్లో ఎవరు నమూనాలు తీసుకోవాలన్నా నాలుగు పనులు చేయమని కోరుదాం. ఒకటి, నైతిక కమిటీ అనుమతి పత్రం చూపాలి. రెండు, తెలుగులో, ఉర్దూలో మనం మాట్లాడుకునే మాటల్లో చెప్పి, ఇంట్లో అడిగి రావడానికి ఒక రోజు గడువివ్వాలి. మూడు, ఏం అడగాలో, ఏం పరీక్షించాలో నిర్ణయించే ముందు ఆ జబ్బుతో బాధపడేవారిని ఇద్దరినైనా కూర్చోబెట్టాలి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. నాలుగు, తేలిందేమిటో తిరిగి వచ్చి ఊరికి చెప్పాలి.

నేనడిగే ఖర్చు ఇక్కడే. కూలికి పోయే మనిషి ఒక పూట ఆ మీటింగుకు వస్తే ఆ కూలి పోతుంది. ఆ కూలి డబ్బు, ఆటో చార్జీ, కాగితాల అచ్చు ఖర్చు సొసైటీ భరించాలి. ఒక ఆపరేషన్‌కు అయ్యే డబ్బుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. మనం డబ్బు ఇవ్వడం నేర్చుకున్నాం. పేదవాడికి కుర్చీ వేసి అతని మాట వినడం కూడా ఖిద్మతే.

ఆ తల్లికి నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను. ఇంకో తల్లికి మనమెవరం అలా బాకీ పడకూడదు.

అల్లాహ్ మీ దానాలను ఖబూల్ చేయుగాక. ఆమీన్. వస్సలాం.